చిన్న ఆసుపత్రిలో తొలి కొలువు

గుంతకల్లు నుండి రేణిగుంటకు పోయే రైలుమార్గంలో తాడిపత్రి దాటిన తరువాత, ముద్దనూరు రాకముందు కొండాపురం వస్తుంది. కడప జిల్లాలో ఇదొక మండల కేంద్రం. నల్లరేగడి చేలలో శనగ పైరు, ఎర్రనేలల్లో చీనీ తోటలు, అక్కడక్కడ నాపరాతి గనులు ఈ సీమలో బాటసారికి కనిపించే దృశ్యాలు. గండికోట జలాశయంలో నీరు నిలవడం వల్ల ఈ మండలంలోని కొన్ని ఊళ్ళు మునిగిపోయాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు తరతరాల ఇళ్ళను విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయారు. ఇటువంటి చోట అర్ధరాత్రి వేళ చేనిలో కాపలా ఉన్న రైతును పాము కాటువేసినా, నిండు చూలాలికి నొప్పులు మొదలైనా, ఇంటివారు పరుగెత్తేది ముందుగా దగ్గరలోని చిన్న ఆసుపత్రికే. కడపలోని పెద్దాసుపత్రి సంగతి ఆ తరువాత. ఆ చిన్న ఆసుపత్రిలో ఆ వేళ మేలుకొని, ఎదురు వచ్చి, రోగిని మంచం మీద పడుకోబెట్టే మొదటి వ్యక్తి సాధారణంగా నర్సే.

ఆ నర్సుకు ఉద్యోగం వచ్చి ఆరు నెలలే అయి ఉండవచ్చు. మన తరగతి గదుల్లో కూర్చున్నవారే నాలుగైదేళ్ళ తరువాత ఆ స్థానంలో ఉండవచ్చు. కాబట్టి ఆ తొలి కొలువు ఎటువంటిదో తెలుసుకొనడం అవసరం.

ఇంటర్మీడియట్ పూర్తయిన విద్యార్థులకు నర్సింగులో ముఖ్యంగా రెండు దారులున్నాయి. జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా మూడేళ్ళ చదువు. బి.ఎస్సి. నర్సింగ్ నాలుగేళ్ళ చదువు. దీనికి ఇంటర్‌లో జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి. చదువు ముగిసిన తరువాత రాష్ట్ర నర్సుల మండలిలో పేరు నమోదు చేసుకొననిదే వృత్తిలో ప్రవేశించే అర్హత లేదు. ఈ చదువు దేశమంతటా ఒకే ప్రమాణంలో ఉండేందుకు 1947లో చట్టం చేసి భారత నర్సింగ్ మండలిని నెలకొల్పారు. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ఇది స్త్రీలకు మాత్రమే తగిన వృత్తి అన్న అభిప్రాయం ఇంకా కొన్ని ఇళ్ళల్లో వినిపిస్తుంది కాని, అది సరికాదు. యువకులు కూడా ఈ చదువు చదివి ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు.

"మానవసేవయే మాధవసేవ" అన్న నానుడిని ఈ వృత్తిని గురించి చెప్పేవారందరూ ఉదాహరిస్తారు. మాట మంచిదే. అయితే సేవాభావం ఒక్కటే ఉన్నవారి చేతిలో రోగి క్షేమంగా ఉంటాడని చెప్పలేము. మందు మోతాదును లెక్కకట్టడం, నాడిని, శ్వాసను, రక్తపోటును కొలిచి వాటి అర్థాన్ని గ్రహించడం, కనబడిన మార్పును ఆలస్యం లేకుండా వైద్యునికి తెలియజేయడం చదివి, చేసి, పెద్దల పర్యవేక్షణలో నేర్చుకొనవలసిన విద్యలు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకు చేతిలో దీపం పట్టుకొన్న బొమ్మ గుర్తుకు వస్తుంది. కాని 1859లో ఆమె నర్సింగును గురించి వ్రాసిన చిన్న గ్రంథంలో రోగిని గమనించడం అన్న విషయానికి ఒక అధ్యాయమే కేటాయించారు. దీపం వెలుగులో ఆమె ఏమి చూసేవారో అది చెబుతుంది. మరుసటి ఏడు, 1860లో, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరున శిక్షణాలయం ప్రారంభమైంది.

మన దేశంలో ఈ విద్య గ్రామాలను చేరడానికి చాలా కాలం పట్టింది. స్వాతంత్ర్యానికి ముందు ఆరోగ్య పరిస్థితులను పరిశీలించిన భోర్ సంఘం 1946లో నివేదిక సమర్పించింది. అప్పటికి ఈ దేశంలో సుమారు 43,000 మంది జనాభాకు ఒక నర్సు ఉన్నట్లు ఆ నివేదిక తేల్చింది. అంటే అనేక గ్రామాలలో జనం నర్సు అన్న వ్యక్తిని కంటితో కూడ చూసి ఉండరు. కాన్పులు మంత్రసాని చేతిలో, పాముకాట్లు మంత్రగాని చేతిలో, గాయాలు ఆకు పసరుల చేతిలో ఉండేవి. రాయలసీమలో ఈ కొరతను కొంతైనా తీర్చినవి మిషన్ ఆసుపత్రులు. కొండాపురానికి పొరుగున ఉన్న జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యులైన క్యాంబెల్ దంపతుల పేరు మీద వెలసిన ఆసుపత్రి ఈ ప్రాంతపు ప్రజలకు తరాలుగా తెలుసు. మన పొరుగు రాష్ట్రంలోని వేలూరులో ఐడా స్కడర్ 1909లోనే నర్సుల శిక్షణాలయాన్ని ప్రారంభించారు. అక్కడే 1946లో నర్సింగులో డిగ్రీ చదువు మొదలైంది. కడప జిల్లావాసులు పెద్ద జబ్బు చేసినప్పుడు వేలూరుకు ప్రయాణం కట్టడం నేటికీ ఉన్నదే.

భోర్ సంఘం సూచనల నుండి రూపుదిద్దుకొన్నదే నేటి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ. మైదాన ప్రాంతాలలో సుమారు 30,000 మంది జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. దానికి పైన 30 పడకలు కలిగిన సామాజిక ఆరోగ్య కేంద్రం. అందులో శస్త్రచికిత్స, సాధారణ వైద్యం, ప్రసూతి, పిల్లల వైద్యం తెలిసిన నిపుణులుండాలి. ఆ పైన ప్రాంతీయ ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి. 2006లో కడపలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ ప్రారంభం కావడంతో జిల్లావాసులకు బోధనాసుపత్రి కూడ లభించింది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 వాహన సేవ ఈ మెట్లన్నింటిని కలిపే దారి అయింది. కాగితం మీద ఈ అమరిక ఎంతో చక్కగా ఉంది. అయితే నిపుణుల ఖాళీలు నిండకపోవడం, ఉన్న వైద్యుడే పగలూ రాత్రీ చూడవలసిరావడం చిన్న ఆసుపత్రులలో తరచుగా వినే మాట. ఆ లోటు బరువు చివరకు నర్సు భుజాల మీద పడుతుంది.

పెద్ద ఆసుపత్రిలో పనులు విభజింపబడి ఉంటాయి. గుండె విభాగంలో చేరిన నర్సు గుండె రోగులనే చూస్తుంది. ఆ ఒక్క విషయంలో ఆరితేరుతుంది. చిన్న ఆసుపత్రిలో అటువంటి గోడలు లేవు. పొద్దున పసిబిడ్డకు టీకా, మధ్యాహ్నం నాపరాతి గనిలో కాలు నలిగిన కూలీకి కట్టు, సాయంకాలం పురుగుల మందు త్రాగిన యువకునికి ప్రథమ చికిత్స, రాత్రి కాన్పు. ఇవన్నీ ఒకే నర్సు ఒకే దినంలో చూడవలసిరావచ్చు. పెద్ద ఆసుపత్రిలో చోటు దొరకనివారే ఇక్కడికి వస్తారని కొందరనుకుంటారు. నా అభిప్రాయంలో ఇది తలక్రిందుల ఆలోచన. యంత్రాలు తక్కువగా ఉన్నచోటే కన్ను, చెవి, చేయి ఎక్కువగా పనిచేయాలి.

ఒక ఉదాహరణ తీసుకొందాం. వేసవిలో నేల మీద పడుకొన్న ఒక వ్యవసాయ కూలీని తెల్లవారుజామున ఆసుపత్రికి తెచ్చారు. కడుపునొప్పి అంటాడు. ఇంటివారు "రాత్రి తిన్నది అరగలేదు" అంటారు. ఒంటి మీద గాయం లేదు. జ్వరం లేదు. వైద్యుడు క్వార్టర్స్ నుండి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అనుభవం లేనివారు ఆ మాట నమ్మి కడుపునొప్పికి మందుబిళ్ళ కోసం చూస్తారు. శ్రద్ధగా గమనించే నర్సుకు మాత్రం అతని కనురెప్పలు బరువుగా వాలుతున్నట్లు కనబడుతుంది. మాట కొంచెం ముద్దగా వస్తున్నది. "నాయనా, నీళ్ళు మింగగలుగుతున్నావా? రాత్రి ఎక్కడ పడుకొన్నావు?" అని అడుగుతుంది. కట్లపాము కాటు చాలామందికి నొప్పి పుట్టించదు; గాటు కూడ కనబడకపోవచ్చు. నిద్రలో కాటు పడినవాడు కడుపునొప్పితో మేలుకొనడం వైద్యులు ఎరిగిన లక్షణమే. విషం క్రమంగా కండరాలను చచ్చుబరచి చివరకు శ్వాసను ఆపుతుంది. ఆ కనురెప్పలను చూసిన నర్సు తక్షణమే వైద్యునికి కబురు పంపి, శ్వాసకు ఆసరా ఇచ్చే సంచిని, ప్రాణవాయువును మంచం దగ్గరకు తెప్పిస్తుంది.

పాముకాటుకు చేసే మరొక పరీక్ష చూడండి. రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో తీసి, కదిలించకుండా 20 నిమిషాలు నిలబెడతారు. ఆ తరువాత వంచి చూస్తే రక్తం గడ్డకట్టి ఉండాలి. నీళ్ళవలె కారితే రక్తపింజరి వంటి పాము విషం రక్తంలో చేరిందని సందేహించాలి. ఇంత సులభమైన పరీక్షకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. కాని ఆ గొట్టాన్ని సబ్బుపొడితో కడిగి ఉంటే, లేదా ప్లాస్టిక్ గొట్టాన్ని వాడితే, ఆరోగ్యవంతుని రక్తం కూడ గడ్డకట్టకపోవచ్చు. గొట్టాన్ని ఎవరు కడిగారు, దేనితో కడిగారు అన్న చిన్న విషయం మీద ఒక మనిషికి ఇచ్చే చికిత్స ఆధారపడుతుంది. మరొక మెలిక కూడ ఉంది. కట్లపాము, నాగుపాముల విషం ముఖ్యంగా నరాల మీద పనిచేస్తుంది. అందువల్ల రక్తం చక్కగా గడ్డకట్టినంత మాత్రాన ప్రమాదం లేదని రోగిని ఇంటికి పంపరాదు. విషానికి విరుగుడు మందును వైద్యుని ఆదేశం మీద, సాధారణంగా మొదట పది సీసాల వరకు, రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. ఆ మందు వికటించే అవకాశం ఉన్నందున ఎడ్రినలిన్ సూదిమందును ప్రక్కనే సిద్ధంగా ఉంచి, మొదటి నిమిషాలలో రోగి మంచం వదలకుండా నిలబడవలసింది నర్సే.

కాన్పు గదిలో కాలం ఇంకా వేగంగా నడుస్తుంది. బిడ్డ పుట్టి, కేరుమని ఏడ్చి, ఇంటివారు చక్కెర పంచుతున్న సమయంలోనే తల్లికి ప్రమాదం పొంచి ఉండవచ్చు. కాన్పు తరువాత గర్భసంచి ముడుచుకొని గట్టిపడాలి. అది మెత్తగా ఉండిపోతే రక్తస్రావం ఆగదు. తీవ్రమైన రక్తస్రావం మొదలైతే ఆరోగ్యవంతురాలైన తల్లి కూడ రెండు గంటలలోపే ప్రాణం కోల్పోవచ్చు. అందుకే బిడ్డ పుట్టిన వెంటనే ఆక్సిటోసిన్ సూదిమందు ఇస్తారు. ఆ తరువాత నర్సు తరచుగా, పావుగంటకొకసారి, పొత్తికడుపు మీద చేయి వేసి గర్భసంచి గట్టిదనాన్ని చూస్తుంది. తడిసిన గుడ్డలను లెక్కిస్తుంది. నాడి పట్టి చూస్తుంది. రక్తపోటు పడిపోకముందే నాడి వేగం పెరగడం సాధారణం. ఆ తల్లి "ఏమీ లేదు, కొంచెం కళ్ళు తిరుగుతున్నాయి అక్కా" అన్నప్పుడు ఆ మాటను అలసట అనుకొని తీసివేయరాదు. జమ్మలమడుగుకో, ప్రొద్దుటూరుకో పంపవలసిన అవసరం ఉందని గుర్తించడానికి పట్టిన ప్రతి నిమిషమూ దారిలో పట్టే సమయానికి తోడవుతుంది. అది కొత్త నర్సు మొదటి నెలలోనే గ్రహించవలసిన లెక్క.

పంపడం అంటే చీటీ వ్రాసి బండి ఎక్కించడం మాత్రమే అనుకోరాదు. అవతలి ఆసుపత్రికి ముందుగా ఫోను చేయాలి. రోగి ఎవరు, ఎప్పుడు ఏమి జరిగింది, ఇప్పుడు నాడి, రక్తపోటు ఎంత, ఏయే మందులు ఏ వేళ ఇచ్చారు, ఇంకా ఏమి కావాలి అన్నవి వరుసగా, తడబాటు లేకుండా చెప్పాలి. కొత్తవారికి ఈ ఫోనే కష్టం. ఎదుట ఉన్నది పెద్ద వైద్యుడని జంకి, "సార్, పేషెంటు కొంచెం బాగాలేదు" అని ఆగిపోతారు. "కొంచెం బాగాలేదు" అన్న మాటలో వైద్యునికి పనికివచ్చేది ఏమీ లేదు. అంకెలు చెప్పాలి. వినకపోతే మళ్ళీ చెప్పాలి. అవసరమైతే "సార్, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి" అని వినయంగానే, గట్టిగా చెప్పగలగాలి. మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు పెద్దల ఎదుట గొంతు తగ్గించమని నేర్పుతాము. ఆ అలవాటు వార్డులో ప్రాణాపాయం తెచ్చే సందర్భాలున్నాయి.

చిన్న ఆసుపత్రికి వచ్చే రోగి తన బాధను పుస్తకాల భాషలో చెప్పడు. "గ్యాసు పట్టింది", "ఎదలో పిండినట్లుంది", "నోరు పిడచగట్టుకొని పోతోంది", "ఒళ్ళు తూలుతోంది" అంటాడు. ఏబదేళ్ళ మనిషి చెమటలు కారుస్తూ గ్యాసు పట్టిందంటే, అది గుండెపోటు కాదని తేలేవరకు నర్సు దానిని గ్యాసుగా భావించరాదు. వచ్చిన పది నిమిషాలలో గుండె చిత్రం తీయించాలి. ఇక్కడ స్థానికంగా పుట్టి పెరిగిన నర్సుకు ఒక మేలు ఉంది. ఆ యాస, ఆ నుడికారం ఆమెకు పుట్టుకతో వచ్చినవి. పుస్తకంలోని లక్షణానికి, అవ్వ నోటి మాటకు మధ్య వంతెన వేయగలది ఆమెయే.

స్థానికతలో చిక్కులు కూడ ఉన్నాయి. మన వైపు ఒకే పేరు పెట్టుకొన్నవారు ఊరికి పదిమంది ఉంటారు. ఒకే వార్డులో ఇద్దరు ఓబులమ్మలు, ముగ్గురు దస్తగిరులు ఉండడం వింతేమీ కాదు. "ఓబులమ్మా!" అని పిలిస్తే ఇద్దరూ చేయి చాచవచ్చు. ఇంటిపేరు, ఊరు, వయస్సు అడిగి, చీటీతో సరిచూసుకొని, సరైన రోగికి, సరైన మందును, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన వేళకు ఇవ్వాలని నర్సింగు విద్య బోధిస్తుంది. ముఖం తెలిసిన రోగి దగ్గరే ఈ నియమాన్ని మరచిపోయే ప్రమాదం ఎక్కువ. ఊరు మునిగి కాలనీకి మారిన కుటుంబాల విషయంలో పాత చీటీలోని ఊరిపేరు కూడ నమ్మదగినది కాకపోవచ్చు. మళ్ళీ అడిగి వ్రాసుకొనడం మేలు.

అంతకంటె పెద్ద చిక్కు రహస్యం. నగరంలో రోగికీ నర్సుకూ ముఖపరిచయం ఉండదు. ఇక్కడ రోగి ఆమె మేనత్తకు పొరుగింటివాడు. సంతలో, బస్సులో, గుడి దగ్గర ఎవరో ఒకరు ఆపి, "ఏమ్మా, ఫలానా వాళ్ళ కోడలు ఎందుకొచ్చిందంట?" అని అడుగుతారు. అడగడంలో దురుద్దేశం లేకపోవచ్చు. పల్లెల్లో పరామర్శ అలాగే ఉంటుంది. కాని క్షయ, హెచ్.ఐ.వి., ఆత్మహత్యా ప్రయత్నం, పెళ్ళికాని పిల్ల గర్భం వంటి విషయాలలో ఒక్క మాట జారితే ఆ కుటుంబం తలెత్తుకొని తిరగలేదు. పైగా ఆ మాట తెలిసిన మరొక రోగి భయపడి అసలు ఆసుపత్రికే రాడు. హెచ్.ఐ.వి. విషయంలో రోగి అనుమతి లేకుండా వెల్లడించడాన్ని 2017లో చేసిన చట్టం నిషేధించింది. మిగిలిన జబ్బుల విషయంలో కూడ వృత్తిధర్మం అదే. "డాక్టరుగారిని అడుగు పెద్దమ్మా" అని నవ్వి ముందుకు సాగిపోవడం కొత్త నర్సు నేర్చుకొనవలసిన తొలి లౌక్యం.

తన రక్షణ సంగతి కూడ ఆమె మరువరాదు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టబోయి వ్రేలికి గుచ్చుకొనడం కొత్తవారికి తరచుగా జరిగే ప్రమాదం. మూత పెట్టకుండానే సూదిని గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. గుచ్చుకొంటే సబ్బు నీళ్ళతో కడుక్కొని, దాచిపెట్టకుండా వెంటనే పైవారికి చెప్పాలి. హెచ్.ఐ.వి. సోకకుండా వాడే మందులను వీలైనంత త్వరగా, ఆలస్యమైతే 72 గంటలలోపుగా మొదలుపెట్టాలి. ఉద్యోగంలో చేరేముందే హెపటైటిస్-బి టీకాలు వేయించుకొనడం మంచిది. తిడతారన్న భయంతో రెండు రోజులు దాచినవారు ఆ తరువాత నెలల తరబడి నిద్రలేని రాత్రులు గడపవలసి వస్తుంది.

ఇంతగా చెప్పిన తరువాత ఒక నిజం కూడ ఒప్పుకోవాలి. చదువు ముగించి వచ్చిన వారం రోజులకే ఒక యువతిని రాత్రి వార్డులో ఒంటరిగా వదిలివేసే ఆసుపత్రి ఆమెకూ, రోగులకూ అన్యాయం చేస్తున్నది. మొదటి నెలలలో అనుభవజ్ఞురాలైన సిస్టరు తోడుండాలి. రాత్రి కాపలా, తలుపుకు గడియ, రాకపోకలకు భద్రత ఉండాలి. చేరేముందు వీటిని గురించి అడగడం గర్వమని ఎవరూ అనుకొనరాదు. జీతం ఎంత అని అడిగినంత సహజంగానే, "రాత్రి డ్యూటీలో నాతో ఎవరుంటారు? అత్యవసర మందుల పెట్టె ఎక్కడుంది? వైద్యులు ఎంతసేపట్లో రాగలరు?" అని అడగాలి. మొదటి రోజే ఆ పెట్టె తెరచి, ఏ మందు ఏ అరలో ఉందో, గడువు తేదీ ఎంతవరకో చూసుకొన్న నర్సు చీకట్లో కూడ చేయి చాచి తీయగలదు. కరెంటు పోవడం అర్ధరాత్రే జరుగుతుందని అనుభవజ్ఞులు సరదాగా అంటారు. సరదాకు అన్నా, టార్చిలైటులో బ్యాటరీలు ఉన్నాయో లేవో చూసుకొనడం నయం.

ఉదయం ఎనిమిది గంటలకు పగటి డ్యూటీ నర్సు వస్తుంది. రాత్రి కళ్ళుమూయని కొత్త నర్సుకు ఇంటికి పోవాలన్న ఆత్రం ఉంటుంది. ఐనా ఇద్దరూ కలిసి మంచం మంచం దగ్గరకూ నడుస్తారు. "రెండవ మంచం ఓబులమ్మ, కొర్రపాడు ఆమె కాదు, కాలనీ ఆమె. రాత్రి ఒంటిగంటకు కాన్పు. నాడి మూడు గంటలకు 110 ఉండింది, డాక్టరుగారికి చెప్పినాను, సెలైన్ పెట్టినారు. ఇప్పుడు 88" అని ఈమె చెబుతుంది. వచ్చిన నర్సు తల ఊపి ఊరుకోదు. వంగి తల్లి పొత్తికడుపు మీద చేయి వేస్తుంది, మణికట్టు పట్టుకొని గోడ గడియారం వైపు చూస్తూ ఒక నిమిషం లెక్కిస్తుంది. అంకె సరిపోయిన తరువాతనే రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు చేస్తారు.